28 అడుగుల మున్సిపాలిటీ

డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఊళ్లలో తెలుగువాడి ఎదుగుదలకి మెట్లున్నాయి. ముందు సెకండ్‌హ్యాండ్ క్యామ్రీ, పెళ్లయ్యాక కొత్త అకార్డు, పిల్లలు పుట్టాక మినీవ్యాన్, గ్రీన్‌కార్డు చేతికి రాగానే తూర్పు వాకిలి ఇల్లు, ఆపైన టెస్లా. టెస్లాతో మెట్లు అయిపోతాయి. చాలామంది అక్కడే చతికిలబడి, ఒంట్లో షుగర్ ఎంతుందో, కొండాపూర్‌లో ఫ్లాటు ఎంత పలుకుతోందో చూసుకుంటూ కాలక్షేపం చేస్తారు. కాలనీకి ఒకడు మాత్రం ఆగడు. వాడు ఆర్వీ కొంటాడు, అంటే చక్రాల మీద ఇల్లు.

మా కాలనీలో ఆ మనిషిని అందరం ఆర్వీ అన్నయ్య అంటాం. అసలు పేరు శుభలేఖలోనూ పాస్‌పోర్టులోనూ మిగిలింది. వయసు ఐదు పదులకి అటూ ఇటూ. పగలు ఏదో బ్యాంకువాళ్ల డేటాబేసులు చూస్తాడు, రాత్రి బండి చూస్తాడు. జేబులో చిన్న టార్చిలైటు, కారు డిక్కీలో మోచేతులదాకా వచ్చే రబ్బరు తొడుగులు, ఫోన్లో పిల్లల ఫోటోలకన్నా బండి పైకప్పు అతుకుల ఫోటోలు ఎక్కువ. పుట్టినరోజు పార్టీకి పిలిస్తే ముందు లోపలికి రాడు. వాకిట్లో ఆగిన కార్ల పక్కన గొంతుకూర్చుని టైర్ల మీద అంకెలు చదువుతాడు. "తమ్ముడూ, నీ టైరు 2316. అంటే 2016లో 23వ వారం. అరగలేదని మురిసిపోకు, టైరు కదలకపోయినా ముసలిదవుతుంది" అని కేకు కోసే వేళకి చెప్తాడు. పాపం, చెప్పేది నిజమే. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేరు, రెండోసారి పిలవడానికి మాత్రం కాస్త ఆలోచిస్తారు.

కరోనా కాలంలో పట్టిన పిచ్చి ఇది. విమానం ఎక్కాలంటే భయం, హోటల్లో దుప్పటి కప్పుకోవాలంటే భయం. ఇల్లే కదిలొస్తే ఏ భయమూ లేదుగా అని అమెరికా మొత్తానికి ఒకేసారి తోచింది. 2021 ఒక్క ఏడాదిలో 6 లక్షల పైచిలుకు ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. అంతకుముందు ఎప్పుడూ అన్ని రాలేదు. వాటిలో ఎక్కువ భాగం తయారయ్యేది ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే. అన్నయ్య ఇంకాస్త ముందే, 2020 శరదృతువులోనే కొనేశాడు. ఫోర్డు వ్యాను ముందు భాగం, దాని వెనక ఓ డబ్బా ఇల్లు, డ్రైవరు నెత్తి మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన అటక మంచం. క్లాస్ సి అంటారు. పొడవు 28 అడుగులు. కొన్నరోజు అందరికీ లడ్డూలు పంచి, "ఇక మనకి హోటళ్ల గొడవ లేదు, బుకింగుల గొడవ లేదు. ఎక్కడ ఆగితే అక్కడే మన ఇల్లు. స్వేచ్ఛ!" అన్నాడు.

మొదటి ఎదురుదెబ్బ ఇంటి ముందే తగిలింది. ఎక్కడ పడితే అక్కడ ఆగగలిగే ఆ బండి ఆగకూడని చోటు ఒకటుంది, అది అన్నయ్య సొంత వాకిలి. కాలనీ సంఘం రూలు ప్రకారం ఆర్వీని డ్రైవ్‌వేలో 48 గంటలకి మించి ఉంచకూడదు. మూడో రోజు పొద్దున్న నోటీసు. దాంతో ఊరి చివర స్టోరేజీ లాటులో నెల అద్దెకి చోటు తీసుకుని బండిని అక్కడ కట్టేశాడు. ఇంటి వాయిదా బ్యాంకుకి, బండి వాయిదా ఇంకో బ్యాంకుకి, బండి పడుకున్న నేలకి అద్దె వేరే. వారానికి రెండుసార్లు వెళ్లి చూసొస్తాడు. "కాకినాడలో వాళ్లమ్మని ఫోన్లో పలకరించేది ఆదివారాలే. దీన్ని మాత్రం బుధవారం కూడా చూడాలి" అంటుంది వదిన.

చూడ్డానికి ఏముంటుందని అడగకండి, చెప్తాడు. బ్యాటరీ దిగిపోయిందేమో, ఎలకలు వైర్లు కొరికాయేమో, పైకప్పు అతుకు దగ్గర ఎక్కడైనా వెంట్రుకవాసి పగులు వచ్చిందేమో. ఆర్వీకి ప్రమాదం రోడ్డు మీద కన్నా వానలో ఎక్కువ. పైన ఒక చుక్క దిగితే అది గోడలోపల చెక్కని తినేసి, బయటపడేసరికి రెండేళ్లవుతుంది. అందుకని నిచ్చెనెక్కి, తెల్లటి సీలెంటు పూసి, దిగి, కింద నుంచి చూసి, అనుమానమొచ్చి మళ్లీ ఎక్కుతాడు. సొంతింటి పైకప్పు మీద వడగళ్లు పడి పెంకులు లేచిపోతే "ఇన్సూరెన్సువాడు చూసుకుంటాడులే" అన్నది కూడా ఈ మహానుభావుడే.

నేను చాలాకాలం గమనించి తేల్చుకున్నదేమిటంటే, అన్నయ్య కొన్నది బండి కాదు, మున్సిపాలిటీ. జనాభా నలుగురు. నీటి సరఫరా, కరెంటు, గ్యాసు, మురుగు, రోడ్లు, అన్ని శాఖలూ ఆయనవే. పన్ను కట్టేవాడూ ఆయనే, ఫిర్యాదు వినేవాడూ ఆయనే.

కరెంటు శాఖ సంగతి చూడండి. ఆ బండికి 30 యాంపుల ప్లగ్గు. అంటే మొత్తం 3,600 వాట్లు. కప్పు మీది ఏసీ 1,500 దాకా లాగుతుంది, మైక్రోవేవ్ ఇంకో 1,500. పైన ఇన్‌స్టంట్ పాట్‌లో అన్నం పడేస్తే టప్పున బ్రేకరు పడిపోయి అంతా చీకటి. కోతల కాలంలో రాజమండ్రిలో కొవ్వొత్తి వెలుగులో చదివి, ఇంజనీరై, సముద్రాలు దాటొచ్చిన మనిషి, అమెరికాలో సొంత ఖర్చుతో కరెంటు కోత పెట్టుకున్నాడు. సాయంత్రం ప్రకటన వెలువడుతుంది: "ఆరున్నర నుంచి ఏడింటిదాకా ఏసీ ఉండదు. మీ అమ్మ అన్నం వండుకుంటుంది." జూలైలో, టెక్సాస్‌లో. పిల్లలిద్దరూ ఆ అరగంటా తలుపు బయట నిలబడి దోమల్ని మేపుతారు.

నీటి శాఖ ఇంకా కఠినం. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు. ఒళ్లు తడుపుకుని కుళాయి కట్టాలి, సబ్బు రుద్దుకోవాలి, మళ్లీ తిప్పి కడుక్కోవాలి. కాలేజీ ఈడుకొచ్చిన కూతురు తలంటుకుంటానంటే ఆ రోజుకి బడ్జెట్ సమావేశం జరగాల్సిందే.

అగ్నిమాపక శాఖకి పని తాలింపు దగ్గర పడుతుంది. ఎండుమిరపకాయ నూనెలో పడీపడగానే నెత్తిమీద స్మోక్ అలారం కుయ్యిమంటుంది. ఆ డబ్బా ఇంట్లో పొయ్యికీ అలారానికీ మధ్య దూరం నాలుగడుగులు. అందుకని పద్ధతి ఏర్పడింది. వదిన "తాలింపూ!" అని కేక పెట్టగానే కొడుకు తువ్వాలు పట్టుకుని అలారం కింద విసరాలి, కూతురు కిటికీ తీయాలి, అన్నయ్య ఫ్యాను వేయాలి. ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని ఈ రోజుల్లో ఎన్ని కుటుంబాల్లో ఉంది చెప్పండి!

ఇక మురుగు శాఖ. అన్నం తింటూ చదువుతున్నవాళ్లు ఈ పేరా దాటేయండి. అన్నయ్య మాత్రం అన్నం తింటూనే చెప్తాడు. బండి కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లకి, ఒకటి వంట, స్నానాల నీళ్లకి, మూడోది నల్ల ట్యాంకు. అది దేనికో వేరే చెప్పక్కర్లేదు. డంప్ స్టేషన్ దగ్గర ఆగి, గొట్టం తగిలించి, ముందు నల్లదాన్ని వదలాలి, తర్వాత స్నానాల నీళ్లని వదలాలి. ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి. అసలు రహస్యం వాల్వులో ఉంది. క్యాంపులో మురుగు గొట్టం ఎప్పుడూ తగిలించే ఉంది కదా అని నల్ల ట్యాంకు వాల్వు తెరిచి ఉంచావో, నీళ్లు జారిపోతాయి, మిగతాది గుట్టగా పేరుకుని గట్టిపడుతుంది. ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండేదాకా వాల్వు మూసి ఉంచాలి. నిండిందో లేదో చూపించడానికి గోడ మీద దీపాలున్నాయి గానీ అవి అబద్ధాలకోర్లు. లోపల ఓ కాగితం ముక్క అంటుకుంటే చాలు, ట్యాంకు ఖాళీగా ఉన్నా నిండుగానే చూపిస్తాయి. అందుకే ఆ జేబులో టార్చిలైటు.

ఇంట్లో తిన్న కంచం సింకుదాకా తీసుకెళ్లని మనిషి, న్యూమెక్సికోలో రోడ్డు పక్కన తొడుగులేసుకుని గొట్టం ముందు మోకాళ్ల మీద కూర్చునుంటే, వదిన కాఫీ తాగుతూ అద్దంలోంచి చూస్తుంది. ఆ బండిలో ఆమెకి నచ్చిన దృశ్యం అదొక్కటే అనుకుంటాను.

తెనాలి నుంచి వదిన వాళ్లమ్మగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు ఆవిణ్ణీ ఎక్కించారు. వంటగట్టుకీ మరుగుదొడ్డికీ మధ్య ఉన్నది అట్టముక్కలాంటి తలుపొకటేనని చూసి ఆవిడ సగం నీరసపడ్డారు. తర్వాత మెల్లగా అడిగారట, "ఇదంతా ఎవరు ఎత్తిపోస్తారు నాయనా?" "నేనే అత్తయ్యా" అన్నాడు అన్నయ్య గర్వంగా. "అమెరికా సంబంధం" అని మాత్రం గొణుక్కుని ఆవిడ ఊరుకున్నారట. ఆ ప్రయాణంలో ఆవిడ ఒక్కసారి కూడా ఆ తలుపు తీయలేదు. ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఆపించారు. బండి కూడా గ్యాలనుకి ఎనిమిది తొమ్మిది మైళ్లే ఇస్తుంది కాబట్టి ఇద్దరి అవసరాలూ దాదాపు కలిసొచ్చాయి.

రోడ్డెక్కాక అన్నయ్య మాట తగ్గుతుంది. స్టీరింగు పైన కాగితం అతికించి ఉంటుంది: ఎత్తు 11 అడుగుల 6 అంగుళాలు. నార్త్ కరోలినాలోని డరమ్‌లో ఓ పాత రైలు వంతెన ఉంది. దాని కింద ఎత్తు 11 అడుగుల 8 అంగుళాలే కావడంతో ఏళ్ల తరబడి లారీల, ఆర్వీల పైకప్పులు చెక్కు తీసినట్టు లేచిపోయేవి. 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకి పెంచారు, అయినా గుద్దేవాళ్లు గుద్దుతూనే ఉన్నారు. డరమ్ వైపు వెళ్లే పని అన్నయ్యకి జన్మలో లేదు. అయినా ఆ వీడియోలు ఇంట్లో అందరికీ చూపించాడు. డ్రైవ్-త్రూ బోర్డు కనిపిస్తే చాలు, పిల్లలు ఆశగా అటు చూడకముందే "వద్దు" అంటాడు. మలుపు తిరిగితే వెనక సొరుగులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఆవకాయ సీసాకి మాత్రం సీటుబెల్టు.

స్వేచ్ఛ సంగతి మర్చిపోయాను. జాతీయ పార్కుల్లో చాలాచోట్ల క్యాంపు చోటు ఆరు నెలల ముందే బుక్ చేసుకోవాలి. మా టైము ప్రకారం పొద్దున్న తొమ్మిదింటికి బుకింగు కిటికీ తెరుచుకుంటుంది, తొమ్మిదీ ఒకటికి మూసుకుపోయినట్టే. అన్నయ్య ఆఫీసు మీటింగు పెట్టుకుని, కెమెరా ఆపేసి, రెండు ల్యాప్‌టాపులూ భార్య ఫోనూ ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఎలాగో కష్టపడి ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర చోటు సంపాదించాడు. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కాబట్టి గుడ్డ గోడల బళ్లని రానివ్వరు. "మనది గట్టి గోడల బండి" అని దారిపొడవునా చెప్పుకున్నాడు. అక్కడి నుంచి మోంటానాలో గ్లేసియర్ పార్కుకి. ఆ పార్కుకే తలమానికమైన కొండ రోడ్డు, గోయింగ్-టు-ది-సన్. దాని ఎగువ భాగంలో 21 అడుగులు దాటిన బండిని ఎక్కనివ్వరు. డల్లాస్ నుంచి ఇల్లంతా మోసుకెళ్లి, దాన్ని కింద కట్టేసి, నలుగురూ షటిల్ బస్సులో చోటు దొరక్క నిలబడి కొండ ఎక్కారు. "బస్సు బాగుంది. సొరుగులు తెరుచుకోలేదు" అన్నాడట కొడుకు.

ఆఫీసు పార్టీలో గోడకి ఆనుకుని నిలబడే అన్నయ్య, క్యాంపులో మాత్రం మారిపోతాడు. పక్క బండి నెబ్రాస్కా ముసలాయనది. రిటైరయిన రైతు, ఓ కుక్క. ఇద్దరికీ మతం వేరు, తిండి వేరు, ఓటు మాట ఎత్తకపోవడమే మంచిది. కానీ సర్జ్ ప్రొటెక్టరు దగ్గర మొదలెట్టి నల్ల ట్యాంకు దాకా వచ్చేసరికి అన్నదమ్ములైపోతారు. వెళ్లేటప్పుడు ఆయన ఒక గొట్టం మలుపు ముక్క ఇస్తే, అన్నయ్య కందిపొడి ఇచ్చాడు.

వదిన లెక్క ప్రకారం ఈ బండి ఒక్కసారే ఉపయోగపడింది. 2021 ఫిబ్రవరిలో. మంచుతుపాను వస్తోందని వినగానే అన్నయ్య దాన్ని తెచ్చి వాకిట్లో పెట్టాడు. గొట్టాల్లో నీళ్లు తీసేసి గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎప్పుడో నింపేశాడు. 15వ తేదీ తెల్లవారుజామున టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. ఇళ్లల్లో గొట్టాలు పగిలాయి. వీధి మొత్తం మీద వెలుగుతున్నది అన్నయ్య బండి ఒక్కటే. జనరేటరు, గ్యాసు హీటరు, గ్యాసు పొయ్యి, ఏ శాఖా సెలవు పెట్టలేదు. అంతకాలం నవ్వినవాళ్లందరూ వరసగా వచ్చారు, ఒకరు పసిపిల్ల పాలు వెచ్చబెట్టుకోవడానికి, ఒకరు ఫోను చార్జింగుకి, నాలాంటివాళ్లు ఊరికే చలి కాచుకోడానికి. అన్నయ్య ఒక్కొక్కరికీ గుమ్మంలోనే చెప్పాడు: "చెప్పులు అక్కడ. మైక్రోవేవ్ అడగొద్దు. బాత్రూము మీ ఇంట్లోనే." పెళ్లిలో కూడా ఆ మొహంలో అంత కళ లేదంటుంది వదిన. కాలనీ సంఘం పెద్దమనిషి కూడా వచ్చి, అల్లం టీ రెండు కప్పులు తాగి, చేతులు పట్టుకుని ఊపి వెళ్లాడు.

మంచు కరిగాక 48 గంటల నోటీసు వచ్చింది. కింద సంతకం ఆయనదే.

ఆ కోపంతో ఒకసారి బండి అమ్మేస్తానన్నాడు. ఆ మాట వెనక్కి పోకుండా వదిన ఆ సాయంత్రమే ప్రకటన పెట్టించింది. మెకిన్నీ నుంచి కుర్రజంట వచ్చింది, అడిగిన ధరకే ఒప్పుకుంది, చెక్కు పుస్తకం కూడా తెచ్చుకుంది. అన్నయ్య వాళ్లని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, పిల్లనిచ్చే తండ్రి గొంతుతో ఓ గంటసేపు ప్రశ్నలడిగాడు. చివరికి వాళ్లు వట్టి చేతులతో వెళ్లిపోయారు.

"డబ్బు దగ్గర తేడా రాలేదుగా, ఏమొచ్చింది మీకు?" అంది వదిన.

"క్యాంపులో నల్ల ట్యాంకు వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంచుతాట్ట!" అన్నాడు అన్నయ్య, తొడుగులు వెతుక్కుంటూ.