ఆషాఢ గాలిలో సన్నబండి

నేను మారుతి 800ని. 1997లో గుర్గావ్‌లో పుట్టాను. లారీ ఎక్కి బెజవాడ చేరి, ఏపీ 16 నంబరు పలక తగిలించుకున్నాను. నన్ను కొన్నది హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు. ఊళ్లో సందుల్లో తిరగడానికి నాకు ఎన్నడూ కష్టం లేదు. గొల్లపూడి దాటి హైదరాబాద్ రోడ్డెక్కాకే నాకు అసలు పరీక్ష.

నా కొలతలు ముందే చెబుతాను, నా కథంతా వాటిలోనే ఉంది. వెడల్పు 1.44 మీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2.175 మీటర్లు. బరువు దాదాపు 650 కిలోలు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్. కాళ్లకు 12 అంగుళాల చక్రాలు.

ఈ సన్నదనం మా వంశంలోనే ఉంది. మా పూర్వీకులు జపాన్‌లో సుజుకి తయారుచేసిన కేయ్ కార్లు. అక్కడ చిన్న కార్లకు పన్ను తగ్గించి, కొలతలకు హద్దు గీశారు. 1976 నాటి నిబంధన ప్రకారం వెడల్పు 1.4 మీటర్లు, ఇంజన్ 550 సీసీ మించకూడదు. ఎక్స్‌ప్రెస్‌వేల మీద వాటికి 80 కిలోమీటర్లే వేగపరిమితి. దాన్ని 100కి పెంచింది 2000లో. ఇండియాకు వచ్చేసరికి మాకు ఇంజన్ పెరిగింది గానీ ఒళ్లు పెద్దగా పెరగలేదు.

నేను రోడ్డెక్కిన రోజుల్లో ఆ హైదరాబాద్ రోడ్డు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. వచ్చేవాళ్లకు ఒక వరస, పోయేవాళ్లకు ఒక వరస. వరస వెడల్పు మూడున్నర మీటర్లు. అందులో బస్సు దూరితే అటు అర మీటరు, ఇటు అర మీటరు మిగులుతుంది. నాకైతే ఇటు మీటరు, అటు మీటరు. ఎదురుగా లారీ మీదికొస్తున్నా పక్కకు తప్పుకునే చోటు ఉండేది. గాలికి ఎదురయ్యే ముఖం చిన్నది కాబట్టే 37 హార్స్‌పవర్‌తో నలుగురిని మోసుకుంటూ 80లో పోగలిగాను. సన్నదనం నాకిచ్చిన వరాలివి.

దాని వెనకే ఉన్న కష్టం మొదటి ఆషాఢంలో తెలిసింది. నందిగామ దాటాక రెండువైపులా చేలు. అడ్డుగా చెట్టన్నది లేదు. నైరుతి గాలి ఎడమ పక్కనుంచి కొడుతోంది. ముందు ఒక ఎక్స్‌ప్రెస్ బస్సు. ఎదురు ఖాళీగా ఉండటం చూసి మాస్టారు మూడో గేరుకు దించి నన్ను కుడివైపుకు తీశారు. బస్సు వెనక భాగానికి చేరగానే నా ఒళ్లు దానివైపు లాగినట్టయింది. పక్కకు చేరాక గాలి ఠక్కున ఆగిపోయింది. బస్సే గోడలా అడ్డం నిలిచింది. ఇక దాటేశామనుకునే క్షణంలో బస్సు ముఖం తోసిన గాలీ, చేల మీది గాలీ కలిసి నా ఎడమ చెంప మీద కొట్టాయి. రెండడుగులు కుడికి జరిగిపోయాను. మాస్టారు కంగారుగా స్టీరింగ్ ఎడమకు తిప్పారు. తోక ఊగింది. మళ్లీ కుడికి తిప్పారు. మూడు ఊపుల తర్వాత గానీ నిలదొక్కుకోలేదు. ఎదురుగా ఎవరూ రాకపోవడం మా అదృష్టం.

జగ్గయ్యపేట దగ్గర టీ బడ్డీ ముందు ఆపి, ఆయన చాలాసేపు నా చుట్టూ తిరిగారు. పక్కగాలి బండి ముక్కును తోస్తుంది. పెద్ద బండిలో బరువూ, చక్రాల మధ్య దూరమూ ఆ తోపును నెమ్మది చేస్తాయి. నాలో రెండూ తక్కువ కాబట్టి తోపు వెంటనే తెలుస్తుంది. లెక్కల మాస్టారికి ఆ లెక్క అందింది. మరుసటి ప్రయాణం నుంచి బస్సు ముఖం రాకముందే యాక్సిలరేటర్ కాస్త తగ్గించి, స్టీరింగ్‌ను వేలెడంత గాలివైపు ఉంచడం అలవాటు చేసుకున్నారు.

ఇంకో పాఠం నూజివీడు మామిడిపళ్లు నేర్పాయి. వేసవిలో హైదరాబాద్ చుట్టాల కోసం నాలుగు బుట్టలు నా నెత్తిన కట్టారు. డిక్కీలో బియ్యం మూట, వెనక సీట్లో ముగ్గురు. వెనక బరువెక్కి ముందు చక్రాలు తేలికయ్యాయి, నెత్తిన బరువెక్కి నడుము నిలవడం లేదు. కోదాడ దగ్గర గేదె అడ్డమొస్తే పక్కకు తప్పబోయి పడవలా ఒరిగాను. మాస్టారు రోడ్డు పక్కన ఆపి బుట్టలన్నీ దింపి, కాళ్ల దగ్గర సర్దారు. మిగతా దారంతా అరవై దాటలేదు.

నా చక్రాలు చిన్నవి. 80లో సెకనుకు దాదాపు పధ్నాలుగు చుట్లు తిరుగుతాయి. బ్యాలెన్సింగ్ కొంచెం తప్పినా స్టీరింగ్ వణుకుతుంది. పెద్ద చక్రం దాటేసే గుంతలో నా చక్రం దిగుతుంది. అందుకే బయల్దేరే రోజు తెల్లవారుజామున, టైర్లు చల్లగా ఉండగానే, మాస్టారు గాలి చూసేవారు.

ఆయన కూతురు నా దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది. భయంతో స్టీరింగ్‌ను పిడికిళ్లతో బిగించేది.

"అలా బిగించకు అమ్మలూ. కవ్వం తాడు పట్టుకున్నట్టు పట్టుకో. అది లాగేది నీ చేతికి తెలియాలి."

"వంద పోవచ్చా నాన్నా?"

"ఎనభైకీ వందకీ తేడా ఇరవయ్యే అనుకుంటాం. బ్రేకు ఆపాల్సిన శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దీనికి ఎయిర్‌బ్యాగులు లేవు, పల్చటి రేకు. ఎనభై చాలు తల్లీ."

ఆ మాటలో నా మీద చిన్నచూపు లేదు. నా శక్తి ఎంతో తెలిసినవాడి ప్రేమ అది.

2012 నాటికి రోడ్డు నాలుగు వరసలైంది. మధ్యలో డివైడరు వచ్చి ఎదురు లారీల భయం పోయింది. గాలి మాత్రం అదే. 2014 జనవరిలో మావాళ్ల తయారీ ఆగిపోయింది. అమ్మాయికి పెద్ద బండి వచ్చింది. అందులో వంద దాటినా కప్పులో టీ కదలదట. నాలో డెబ్బై దాటితే చాలు, తలుపు సందుల్లో గాలి ఈల వేస్తుంది, గేరు రాడ్ అరచేతిలో గిలగిలలాడుతుంది. వేగాన్ని నేను దాచలేను. అదే నా మంచితనమని ఇన్నేళ్లకు నమ్ముతున్నాను.

మొన్న ఆషాఢంలో మాస్టారిని సూర్యాపేట తీసుకెళ్లడానికి అమ్మాయి నన్నే బయటికి తీసింది. నందిగామ దాటాక అవే చేలు, అదే గాలి. ముందు బస్సు. నేను దాని పక్కకు చేరగానే గాలి ఆగింది. పక్క సీట్లో మాస్టారి చేయి మోకాలి మీద బిగుసుకుంది. బస్సు ముఖం రాకముందే అమ్మాయి పాదం కాస్త తేలింది, స్టీరింగ్ వేలెడంత ఎడమకు వచ్చి నిలిచింది. గాలి కొట్టింది. నేను గీత మీదే పోయాను.

మాస్టారు చేయి వదులు చేసి, కిటికీ అద్దం సగం దించుకున్నారు.