సుంగుడి చీటీకి సోగత్తూరు టీక

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ వ్యాఖ్యలు రాశాడు కోలాచల మల్లినాథసూరి. ఆయన చేతికి వచ్చినవి కాళిదాసు, భారవి, మాఘుడి కావ్యాలు కనుక ఆ ఒట్టు చెల్లింది. నా చేతికి వచ్చింది బట్టల కొట్టు చీటీ. ఇందులో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ. కాబట్టి ఆ నియమాన్ని మహానుభావుడికే వదిలేసి మొదలుపెడుతున్నాను.

గ్రంథం మా తమిళనాటి ధర్మపురి బజారులో కొన్న మధురై సుంగుడి చీర మడతలో దొరికింది. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు తమిళం, చుట్టూ బంగారు రంగు అంచు, నెత్తిన దీపపు కుందె బొమ్మ. రాసినవాడి పేరు లేదు. పూచీ తీసుకోనన్నవాడు పేరు మాత్రం ఎందుకు పెడతాడు? తెనిగింపు నాది. శైలిలోని బిగువు మూలానిదే.

మూలం

ఇది చేతితో ముడివేసి రంగు వేయబడిన వస్త్రము. తొలి మూడు ఉతుకులు విడిగా, ఉప్పు కలిపిన చల్లని నీటిలో జరుపబడవలెను. నీడన ఆరవేయబడవలెను. రంగు స్వల్పముగా దిగుట చేనేత యొక్క సహజ సౌందర్యము, లోపము కాదు. రంగునకు పూచీ లేదు.

టీక

చల్లని అంటే చల్లని. నీడన అంటే నీడలో. ఈ పాటి ప్రతిపదార్థానికి వ్యాఖ్యాత అక్కర్లేదు, గైడు చాలు. వదిలేస్తున్నాను.

'జరుపబడవలెను' దగ్గర ఆగాలి. మన తమిళనాటి శ్రీపెరుంబుదూరులో పుట్టిన పరవస్తు చిన్నయసూరి ఈ వాక్యం చూసి ఉంటే బెత్తం అందుకునేవాడు. కర్మ ఉంది, క్రియ ఉంది, కర్త ఏడీ? చీర ఉంది, ఉతుకుడు ఉంది, ఉతికే మనిషి లేదు. ఈ చీటీలో అన్నీ వాటంతటవే జరుపబడతాయి. మా సోగత్తూరు ఇంట్లో అవి వాటంతటవి జరగవు. వారం పొడుగునా మా ఆవిడ, ఆదివారం నేను జరుపుతాం. అంతకుముందు ఏ ఊళ్ళోనైనా కర్త చాకలి. ఆయన గుడ్డని చౌడునీళ్ళలో ముంచి, బానలో ఉబ్బవేసి, బండకేసి బాదేవాడు. ఆ మూడు పరీక్షలకూ నిలిచిన రంగే రంగు. చీటీ ఇవ్వాల్సిన పని ఉండేది కాదు.

అలా నిలిచిన రంగు ఎలా పుట్టేదో ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. చీటీకి దీనితో సంబంధం లేదు. అయినా చెబుతాను.

గుడ్డ మీద ముడి వేస్తే సుంగుడి, నేతకు ముందే నూలు మీద కట్టు కడితే మన చిటికీ. ఆ చిటికీలో తలమానికం చీరాల తేలియా రుమాలు. పేరులోనే నూనె ఉంది. ఆముదపు కాయల తొక్కు కాల్చి, ఆ బూడిద నీళ్ళలో ఊరబెట్టి, తేటని నూనెతో కలిపి, అందులో నూలుని పిసికి ఎండలో వేసేవారు. మర్నాడు మళ్ళీ పిసకడం, మళ్ళీ ఎండ. రోజుల తరబడి ఇదే పని. రంగు మాట ఇంకా ఎత్తనే లేదని గమనించాలి. ఆ తరవాత కట్లు, పటిక, అప్పుడు ఎరుపు. నలుపుకి ఇనుము. కట్టు కింద దాక్కున్నది తెలుపు. మూడే రంగులు. పాతరోజుల్లో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు ఆ ఎరుపులోని అసలు సరుకు అలిజరిన్‌ని తారు నుంచి చేసి చూపించాక, వేళ్ళు తవ్వే పని తగ్గింది. కానీ నూనె పిసికే పని తగ్గలేదు. ఎందుకంటే నూనెలోని ఆమ్లం, పటికలోని అల్యూమినియం, నీళ్ళలోని సున్నం, అలిజరిన్, ఈ నాలుగూ పోగు లోపల కలిసి నీటికి కరగని ముద్ద అవుతాయి. కరగనిది దిగదు. అరబ్బు దేశాలకు ఓడలెక్కి వెళ్ళిన ఆ రుమాలు తలపాగాలయ్యి ఎండల్లో నానా బాధలూ పడ్డాయి. నూనె వాసన వదలలేదు, ఎరుపూ వదలలేదు. ఇప్పుడు ఆ విద్య పుట్టపాక నేతగాళ్ళ దగ్గర నిలిచింది. అక్కడి గజం గోవర్ధన్‌గారికి 2011లో పద్మశ్రీ ఇచ్చారు, రుమాలుకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సున్నం మాట వచ్చింది కనుక ఇంకొకటి. మా ధర్మపురి జిల్లా బోరు నీళ్ళు గట్టినీళ్ళు. సబ్బు నురగ రాదు, బక్కెట్టు అంచున తెల్లటి జిడ్డు తేలుతుంది, ఎంత జాడించినా అది గుడ్డకి అంటుకునే ఉంటుంది. అలిజరిన్‌కి మాత్రం నీళ్ళలో ఆ సున్నమే కావాలి. అంటే మా నీళ్ళు సబ్బుకి శత్రువు, పాత ఎరుపుకి చుట్టం. ఆ ఎరుపు మా బజారులో దొరకదు.

సరే, చీటీ ఎక్కడుంది?

'విడిగా'. ఈ మాటని అందరూ పక్క బట్టల మీద దయగా అర్థం చేసుకుంటారు. తెల్ల పంచె చెడిపోకుండా వేరే బక్కెట్టు. మంచిదే. కానీ ముడివేసిన చీరకి అసలు శత్రువు ఆ చీరే. దిగిన రంగు పంచె దొరక్కపోతే సొంత తెల్లచుక్కల మీద కూర్చుంటుంది. మెరూన్ చీరలో తెల్లచుక్కలు గులాబీ అవుతాయి. అందుకని నానబెట్టకూడదు, తడిగుడ్డని ఉండచుట్టి ఓ మూల పడేసి ఫోను మాట్లాడకూడదు, మెలిపెట్టి పిండకూడదు. ముంచడం, జాడించడం, నీళ్ళు మార్చడం, మళ్ళీ జాడించడం, వెంటనే తిరగేసి దండెం మీద పరచడం. గ్రంథకర్త ఒక్కటీ చెప్పలేదు.

నీళ్ళు మార్చడం అన్నాను. ఎక్కడి నీళ్ళు? ఇక్కడి భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువని, పిల్లల పళ్ళు గోధుమరంగు తిరుగుతున్నాయని, ఒక తరం పోరాడితే 2013లో హొగెనేకల్ పథకం కావేరి నీళ్ళని ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల కొళాయిలకు తెచ్చింది. ఆ నీళ్ళు వచ్చేది తాగడానికి. చీటీ రాసినాయన మాత్రం ప్రతి ఇంటి పెరట్లోనూ వైగై పారుతోందనుకుని మూడు ఉతుకులు రాసేశాడు.

పూర్వపక్షం: ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని పెద్దలు అంటారు గదా?

సమాధానం: అంటారు. పెద్దల మాట రంగు తొట్టి దగ్గర నిజం, ఇంటి బక్కెట్టు దగ్గర కాదు. నీళ్ళలో నూలు, రంగు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ తగువు తగ్గించి రంగుని నూలు దగ్గరికి చేరుస్తుంది. దగ్గరికి చేర్చడం వేరు, ముడి వెయ్యడం వేరు. 1956లో ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో తెచ్చిన రియాక్టివ్ రంగుల్లో ఆ ముడి వేసేది సోడా. వేసిన రంగంతా నూలుతో ముడిపడదు, కొంత నీళ్ళతోనే ముడిపడి చెడిపోయి పోగుల్లో ఇరుక్కుంటుంది. దాన్ని సబ్బుతో, మరిగే నీళ్ళలో, మళ్ళీ మళ్ళీ ఉతికి తీసెయ్యడం రంగు వేసేవాడి పని. ఇంట్లో ఉప్పునీళ్ళలో ముంచితే ఆ మిగులు రంగు అప్పటికి బుద్ధిగా కూర్చుంటుంది. మంచినీళ్ళలో జాడించగానే బయటపడుతుంది. వెనిగరు సంగతీ అంతే, నూలుకి అది చేసేదేమీ లేదు.

ఇప్పుడు 'తొలి మూడు ఉతుకులు' అర్థమవుతుంది. అవి మన ఉతుకులు కావు, రంగుశాలలో మానేసిన ఉతుకులు. నీళ్ళు, కట్టెలు, కూలి, మూడూ మిగిలాయి. ఇంకోటి కూడా మిగిలింది. రంగునీళ్ళు నొయ్యల్ నదిలోకి వదిలినందుకు 2011లో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు రంగు యూనిట్లను మూయించింది. అదే రంగు చీరలో దాక్కుని సోగత్తూరు వచ్చి మా ఇంటి ముందు కాలవలో దిగితే కోర్టూ లేదు, కేసూ లేదు. సహజ సౌందర్యం.

ఆ సౌందర్యం మాటకొద్దాం. మధురైలో సుంగుడి కట్టింది సౌరాష్ట్రులు. గుజరాతు నుంచి విజయనగరం మీదుగా వచ్చి, మన తెలుగు నాయకుల రోజుల్లో అక్కడ స్థిరపడ్డారు. వాళ్ళింటి ఆడవాళ్ళు గోటికొనతో గుడ్డని ఇంత గిల్లి, దారం చుట్టి, బిగించి, మళ్ళీ గిల్లి, ఒక్కో చీరకి వేల ముడులు వేసేవారు. అలాంటి చుక్క పూర్తిగా గుండ్రంగా ఉండదు. నడిమధ్య గోరు పట్టిన చోట రంగు మచ్చ ఉంటుంది, చుట్టూ గుడ్డ ముడతలు పడి ఉంటుంది, పక్క చుక్కకీ దానికీ పోలిక కుదరదు. నేను భూతద్దం పెట్టి మా చీర చూశాను. చుక్కలన్నీ ఒకే సైజు, కంపాస్‌తో గీసినట్టు. ముడత లేదు. తిరగేస్తే వెనకవైపు రంగు సగమే. అచ్చు వేసిన గుడ్డ! చెయ్యి పెట్టలేదు, గోరు పెట్టలేదు, దారం చుట్టలేదు. కానీ చేతిపనికి ఉండే లోపాల పేరు చెప్పి తప్పించుకోవడం మాత్రం చేతివాటమే. రోజుకి ఇంత కూలికి ముడులు వేసి వేళ్ళు అరగదీసుకున్న అమ్మల పేరు, వాళ్ళు ముట్టుకోని చీరకి పూచీకత్తు అయింది. నాకు మండేది ఇక్కడే. రంగు పోవడం కాదు.

అలంకారం: వ్యాజస్తుతి. తాత్పర్యం: మేం ఉతకలేదు, మీరు ఉతకండి, పోతే మాకు చెప్పకండి.

ప్రయోగం

తెల్ల చేతిరుమాలు తడిపి, చీర పైటకొంగు మూల గట్టిగా నాలుగుసార్లు రుద్దాలి. ఇది కొనకముందు, కొట్టులోనే చెయ్యాలి. మొన్న వేరే కొట్టులో చేశాను. "ఏం సార్, నమ్మకం లేదా?" అన్నాడు కుర్రాడు, నొచ్చుకుని. రుమాలు చూపించాను. వాడు దాన్నీ, నన్నూ, యజమాని కూర్చున్న వైపూ చూసి, గొంతు తగ్గించి, "వెనక బీరువాలో వేరే రకం ఉంది సార్, అది పోదు. రేటు కొంచెం ఎక్కువ" అన్నాడు.

ఆ బీరువాలో చీరలకి చీటీలు లేవు.