తంగేడుకు జరిమానా వేసిన అధికారి గారికి

మా పట్టణంలో పచ్చదనం, పారిశుద్ధ్యం చూసే మహారాజశ్రీ అధికారి గారి సముఖానికి,

మొన్న మీ సిబ్బంది వచ్చి మా ప్రహరీ వెంట ఉన్న పిచ్చిమొక్కలు నరికించి, గేటుకు జరిమానా నోటీసు అంటించి వెళ్లారు. తమరి శ్రద్ధకు కృతజ్ఞుణ్ణి. చిన్న మనవి. అది తంగేడు. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం. రాష్ట్ర పుష్పానికి జరిమానా వేసిన ఘనత దేశంలో ఇంకెవరికైనా ఉందా?

బతుకమ్మలో ఆ పసుపు పూలు ఏమిటనుకున్నారయ్యా, చామంతులా? నీళ్లడగదు, మేక ముట్టదు, 45 డిగ్రీలు దాటినా చావదు. అది నరికి మీరు తెచ్చి పెట్టిందేమో ఏదో రంగురంగుల ఆకు మొక్క. దానికి రోజూ ట్యాంకరు! మా వీధి మనుషులకు రాని ట్యాంకరు మా వీధి మొక్కలకు వస్తోంది. నల్లా సంగతి ఇప్పుడెందుకు లెండి.

హరితహారం పేరుతో మొక్కలు పంచినప్పుడు నా చేతికి కోనోకార్పస్ ఇచ్చింది ఎవరు? నాటినవాటిలో 85 శాతం బతకాలని 2019 మున్సిపల్ చట్టం చూపించి మరీ బెదిరించారు. బతికింది. చావమన్నా చావదది. తర్వాత పుప్పొడికి ఆయాసమని, వేళ్లు పైపుల్లో దూరతాయని ప్రభుత్వమే నాటొద్దంది. సరే కొట్టేస్తానంటే వాల్టా చట్టం, దరఖాస్తు, అనుమతి! మరి నా తంగేడు కొట్టడానికి మీరెవరిని అడిగారు?

పాల్వంచ దాటి భద్రాచలం వైపు ఒక్కసారి వెళ్లి రండి. జామాయిల్ తోటలు పక్కన పెడితే ఆ ఇప్ప, మద్ది, తునికి, మోదుగ ఏ ట్యాంకరు పోసిన నీళ్లతో నిలబడ్డాయి? ఖమ్మం పక్కనే రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు జేబులో గింజలేసుకుని సైకిలు మీద ఊరూరా చల్లుకుంటూ పోయారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025లో ఆయన పోతే అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. తమరే వెనకాల వెళ్లి ఉంటే మొలకకొక నోటీసు అంటించేవారు.

 

జరిమానా కట్టేస్తాను సార్. రసీదు కూడా అడగను. తంగేడు మొదళ్లు ఇంకా భూమిలోనే ఉన్నాయి, తొలకరి పడితే చిగురుస్తాయి. వాటిని పెకలించడానికి జేసీబీ వస్తుందని మీ జవాను చెప్పి వెళ్లాడు. దండం పెడతాను, పంపకండి. ఈ వీధి ఆడపిల్లలు ఏటా మా గోడ దగ్గరే పూలు కోసుకుంటారు. దసరా దాకా ఆగండి. అప్పటికీ పిచ్చిమొక్కేనంటే మీరే వచ్చి ఆ పిల్లల ముందు చెప్పండి, నా వల్ల కాదు.

ఇట్లు,
ప్రహరీ మాత్రం మిగిలిన ఇంటాయన