కుదువ పెట్టిన ఇంజనీరు

చదువును వ్యాపారం చేయొద్దని తెలంగాణ ఏలినవారు 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలను గద్దించారు. బాగుంది. పేద పిల్లల తరఫున సర్కారు కట్టాల్సిన ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని ఆ ఏడాది సెప్టెంబరు 15న మూతపడి, హామీ తీసుకుని తెరుచుకున్న కాలేజీలు నవంబరు 3న మళ్ళీ మూతపడి, మళ్ళీ హామీ తీసుకుని తెరుచుకున్నాయి. బకాయి ఎంతో, విజిలెన్సు విచారణ ఎవరి మీదో మీరు అప్పట్లో చదివే ఉంటారు. నాకు మాత్రం ఒకటే చింత. ఆ నెల 30నే క్యాట్ పరీక్ష పడింది, ఆ వెనకాలే ఇంటర్వ్యూలు. చదువు వ్యాపారం కానప్పుడు, వ్యాపారమే చదువుతామని బిజినెస్ స్కూళ్ళకు బయల్దేరిన మన ఇంజనీర్లు అక్కడ ఏం చెప్పుకోవాలి?

హైదరాబాదు కోచింగు సెంటర్లలో టై కట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పుతారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలకు ఆ ఖర్చు దండగ. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద నాలుగేళ్ళు బీటెక్ చదివినవాడు ఎంబీఏ కూడా అందులోనే పూర్తి చేసుంటాడు. వాళ్ళ కోసం ఈ గైడు ఉచితంగా రాస్తున్నాను. (ఉచితమన్నాను కాబట్టి ఎవరూ రీయింబర్స్ చేయనక్కర్లేదు.)

మొదట నీ గురించి చెప్పమంటారు. నిబ్బరంగా చెప్పు: "సార్, నేను రావాల్సిన బాకీని. కాలేజీ పద్దులో ఆస్తుల వైపు ఉంటాను. సర్కారు పద్దులో ఎటువైపూ కనపడను."

తర్వాత ఇంజనీర్లకు చెమటలు పట్టించే ప్రశ్న: బీటెక్ చేసి ఎంబీఏ ఎందుకు? నాయకత్వం, టీమ్ వర్కు అంటూ బట్టీ పట్టిన జవాబు వల్లించకు. అనుభవం చెప్పు. ఇంటర్ పరీక్ష రాసి బయటికి రాగానే గేటు దగ్గర కాలేజీ పీఆర్వో భుజం మీద చెయ్యేసి "ఒక్క రూపాయి కట్టేది లేదు తమ్మీ, అంతా గవర్నమెంటే" అన్నాడు చూడు, మార్కెటింగ్ అక్కడే అయిపోయింది. జీతం ఎప్పుడొస్తదో తెలియని లెక్చరర్ నవ్వుతూ పాఠం చెప్పాడు, అది మానవ వనరులు. ఇక ధరల నిర్ణయం. ఒకే బెంచీ మీద ఇద్దరు బీసీ పిల్లలు. ఎంసెట్ ర్యాంకు 10,000 లోపు ఉన్నవాడికి సర్కారు మొత్తం ఫీజు ఇస్తానంటుంది, దాటినవాడికి 35,000 ఇస్తానంటుంది. చివరికి ఇద్దరికీ ఇవ్వదు. ఇంతటి సమానత్వం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

ఫైనాన్స్ అడిగితే టోకెన్ గురించి చెప్పు. ఖజానా వాళ్ళు పైసలకు బదులు ఒక నంబరు ఇస్తారు. బిల్లు మంజూరైనట్టే, పైసలు మాత్రం రానట్టే. థర్మోడైనమిక్స్ ఒక్క సెమిస్టరే చదివావు, టోకెన్ నాలుగేళ్ళు చదివావు. 2008లో మొదలైన ఈ ఫీజు పథకం ఎన్ని ప్రభుత్వాలు మారినా సిలబస్ మార్చుకోలేదని కూడా కలుపు.

మీ ఊరి ప్రత్యేకత ఏంటని తప్పకుండా అడుగుతారు. భూపాలపల్లి పిల్లవాడికి సులువు: "మాది బొగ్గు గనుల ఊరు సార్. కరెంటు సంస్థలు సింగరేణికి వేల కోట్లు బాకీ." మహబూబాబాద్ వాడు బయ్యారం ఉక్కు కథ ఎత్తుకోవాలి. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చో లేదో ఆరు నెలల్లో తేల్చమని 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులోనే రాశారు. మా దగ్గర చట్టానికి కూడా టోకెనే ఇస్తారని చెప్పు. జనగామ పిల్లలు పెంబర్తి ఇత్తడి అంటారు, అనొద్దు. అప్పు తెచ్చి ఊళ్ళో సీసీ రోడ్డు పోయించి, బిల్లు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న మాజీ సర్పంచు మేనమామ గురించి చెప్పు. ప్యానెల్ కుర్చీల్లో ముందుకు జరుగుతుంది.

ఇప్పుడు నువ్వే వాళ్ళకు ఒక వ్యాపారం చూపించాలి. "సార్, సర్కారు ఫీజు ఇవ్వలేదని రాష్ట్రంలో కాలేజీ బీరువాల్లో కుదువ ఉన్న సర్టిఫికెట్లన్నీ ఒక్కచోట చేర్చి ఒరిజినల్స్ బ్యాంకు పెడదాం. మెకానికల్ మెమో మీద తక్కువ అప్పు, కంప్యూటర్ సైన్స్ మీద ఎక్కువ. సప్లీలుంటే మిత్తి పెంచుదాం. టీసీని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దాం. వెయ్యిమంది పిల్లలను కట్టగట్టి బాండ్లుగా అమ్ముదాం." ఇరవై లక్షలు దాటిన మీ ఫీజు ఎట్ల కడతావంటే, ఒక నంబరు రాసిచ్చి "టోకెన్ సార్" అను. హామీ ఎవరంటే రెండో కుదువకు నువ్వే సిద్ధమను. సీటు నీదే.

ఒక్క ఆటంకం ఉంది. సీటు ఇచ్చేముందు ఒరిజినల్స్ చూపించమంటారు.

ఇక్కడ నా గైడు పనికిరాదు. ఒరిజినల్స్ కాలేజీలో ఉన్నాయి. వాటిని పట్టుకుని ఉంచుకోవద్దని 2018లోనే యూజీసీ చెప్పింది. ఆ కాగితం చూపిస్తే కౌంటరులో మనిషి "గవర్నమెంటు ఇయ్యలే, నువ్వు కట్టి తీస్కపో" అంటాడు. కట్టాలట! ఊళ్ళో బీసీ ఇంటి ఆదాయం ఏడాదికి లక్షన్నర దాటితే ఈ పథకమే వర్తించదు. అంటే కట్టలేరని సర్కారే ముద్ర వేసి నిర్ధారించిన ఇంటి మీద, సర్కారు ఎగ్గొట్టిన బాకీ పడింది. గూడూరులోనో కొడకండ్లలోనో ఒక తల్లి పుస్తెలతాడు సేటు దగ్గర పెట్టి బిడ్డ మెమోలు విడిపించుకుంటుంది. నూటికి మూడు రూపాయల మిత్తి. సర్కారు పైసలు వచ్చిన్నాడు అసలు వాపసిస్తమని కాలేజీ వాళ్ళంటారు. మిత్తి సంగతి ఎవడూ ఎత్తడు.

కాలేజీల మీదికి విజిలెన్సును పంపారు, మంచిదే. బోగస్ అడ్మిషన్లు రాసినవాణ్ణి జైల్లో వేయండి, అడిగేవాడు లేడు. ఆ జీపు వాపసు వచ్చేటప్పుడు ఆర్థిక శాఖ గేటు ముందు కూడా ఆగాలి. పదవిలో ఉన్న ఈ పార్టీ వాళ్ళనూ, మొన్నటిదాకా ఏలి ఇప్పుడు ధర్నాల్లో కూర్చుంటున్న ఆ పార్టీ వాళ్ళనూ వరసగా నిలబెట్టి ఆ తల్లి కట్టిన మిత్తి లెక్క అడగాలి. నెల నెలా ఎంత, ఎన్ని నెలలు, ఎవడి జేబులోంచి తీసి ఇస్తారో కూడా అక్కడే రాయించుకోవాలి. టోకెన్ మీద కాదు.