దెబ్బ నాది, పేరు ఫోనుది

ఫోను పగిలితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. పగలకుండా మిగిలితే మాత్రం ఆ దెబ్బ ఎవరు తిన్నారో ఎవరూ అడగరు. తిన్నదాన్ని నేను. ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటుగా మందం ఉన్న పల్చటి పౌచ్‌ను. ఒకప్పుడు తేటగా ఉండేదాన్ని, ఇప్పుడు పసుపెక్కాను. వంటింటి చెత్తబుట్టలో ఉల్లిపొట్టు మీద పడి ఉన్నాను. చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో వచ్చేలోగా నా గోడు చెప్పుకుంటాను.

పుట్టుక గురించి పెద్దగా చెప్పడానికి లేదు. థర్మోప్లాస్టిక్ పాలీయురేథేన్ గింజల్ని, పొట్టిగా టీపీయూ అంటారు, 200 డిగ్రీల దరిదాపుల్లో కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో ఎక్కించారు. చల్లారగానే ఊడదీశారు. ఫోను వీపుకు అక్కడక్కడ అతుక్కుపోయి తడిమరకలు పడినట్టు కనబడకుండా లోపలివైపు సన్నటి చుక్కలు పొదిగారు. పసుపు తొందరగా బయటపడకుండా రవ్వంత నీలిరంగు కలిపారు. అంటే నేను పసుపెక్కుతానని చేసినవాళ్లకు ముందే తెలుసు. కొనేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదు ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఒక దుకాణం కొక్కేనికి వేలాడాను. నా పక్కన పాలీకార్బొనేట్ గట్టి కవరు ఉండేది. అది ఊరికే వంగదు కానీ దెబ్బ గట్టిగా తగిలితే మూల చిట్లుతుంది. సిలికాన్‌ది మెత్తన, చేతిలోంచి జారదు. దుమ్మూ నూలుపోగులూ మాత్రం దాన్ని వదలవు, జేబులోంచి తీస్తే లోపలి గుడ్డ కూడా వెంట వస్తుంది. ఫ్లిప్ కవరు ముందూ వెనకా కాస్తుంది, బరువూ పెంచుతుంది.

పై వరసలో లావుపాటి కవర్లు సైనిక ప్రమాణం అని డబ్బా మీద రాయించుకుని కూర్చునేవి. వాటిని చూసిన ప్రతివాళ్లూ అమెరికా సైన్యమే పరీక్షించి ముద్ర వేసిందనుకునేవారు. నిజానికి ఆ రాత చెప్పే మిల్-ఎస్‌టీడీ-810 అన్నది పరీక్షలు ఎలా చేయాలో చెప్పే పద్ధతి. ఆ సైన్యం ఫోను కవర్లకు సర్టిఫికెట్లు ఇవ్వదు, కంపెనీలే పరీక్ష చేయించి రాసుకుంటాయి. దాని 810జీ కూర్పులో పడవేసే పరీక్ష 4 అడుగుల ఎత్తు నుంచి, 26 సార్లు. ఆ 26 దెబ్బల్నీ ఐదు నమూనాలకు పంచుకోవచ్చు. నేల కూడా కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్. మన ఇళ్లలో ఉన్నది తాండూరు బండలు, గ్రానైటు. అన్ని దెబ్బలూ తినాల్సింది ఒక్క పౌచే. ఆ రాతను చూసి రెట్టింపు డబ్బు ఇచ్చేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉండేది.

ఒక సాయంత్రం ఒక అమ్మాయి వచ్చింది. వాయిదాల మీద కొన్న కొత్త ఫోను, వెనక కూడా గాజే.

“అన్నా, దీనికి పల్చటి పౌచ్ ఉన్నదా? లావుగ ఉన్నయి వద్దు, జేబుల పడ్తలేదు.”

“ఇది 4జీదా, 5జీదా మేడం?” అన్నాడు దుకాణదారు. మంచి ప్రశ్న. పేరు ఒకటే అయినా రెంటికీ కెమెరా చోటు మారిపోవచ్చు. తర్వాత నన్ను తీసి తొడిగాడు. “ఇగో, కలర్ మొత్తం కనబడ్తది.”

ఆ మాటతోనే బేరం ముగిసింది. ఆమె రంగు చూసింది, పల్చదనం చూసింది, ధర చూసింది. నా అంచు చూడలేదు. బటన్లు నొక్కి చూడలేదు. ఛార్జర్ పిన్ను లోపలిదాకా దిగుతుందో లేదో చూడలేదు. అదృష్టవశాత్తూ నాకు అవన్నీ సరిగానే ఉన్నాయి.

అంచు గురించి ఎందుకింతగా చెబుతున్నానంటే, మా జాతికి అంచే ప్రాణం. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు చుట్టూ ఉన్న ఉక్కు పట్టీయే యాంటెనా. ఎడమవైపు కింది మూలను చేయి కప్పితే సిగ్నల్ పడిపోయేదని గోల లేచింది. చేయి ఆ పట్టీకి నేరుగా తగలకుండా యాపిల్ ఆ ఫోను కొన్నవాళ్లకు ఉచితంగా బంపర్లు ఇచ్చింది. వాటికి వీపే లేదు, చుట్టూ అంచు మాత్రమే. వీపు లేకపోయినా కవరు పనికొస్తుంది. అంచు లేకపోతే పనికిరాదు.

నా రోజు కూడా వచ్చింది. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద ఫోను ఆమె చేతిలోంచి జారింది. మూల మీద పడింది. గాజుకు అంతకన్నా చెడ్డచోటు లేదు, దెబ్బంతా గోరంత జాగాలో దిగిపోతుంది. మామిడిపండ్లను గడ్డిలో పెట్టి పంపేది ఎందుకో, నా మూలల్లో గాలి గదులు ఉన్నదీ అందుకే. నేను నొక్కుకుపోయి ఆ తాకిడిని కాస్త ఆలస్యం చేశాను. ఆ కాస్త వ్యవధితోనే దెబ్బ పదును తగ్గింది. తర్వాత ఫోను బోర్లా పడింది. తెర కంటే అర మిల్లీమీటరు పైకి లేచిన నా అంచు నేలను తాకింది, గాజు తాకలేదు. అక్కడ ఒక్క గులకరాయి ఉన్నా నా వల్ల అయ్యేది కాదు.

ఆమె ఫోను తీసి అటూ ఇటూ తిప్పి, గుండెకు ఆనించుకుని, “మస్తు గట్టిగున్నది నా ఫోన్” అంది. నా మూల మీద తెల్లటి మచ్చ పడింది. దాన్ని చూడనే లేదు.

అప్పటినుంచి నన్ను సంచిని చేసింది. వీపుకూ నాకూ మధ్య వంద నోటు, బస్ పాసు, ఏటీఎం కార్డు దూర్చింది. ఆ ఉబ్బుకు నా పట్టు వదులైంది. ఆ సందులోంచి ఇసుక వచ్చి చేరింది. నెలకొకసారి తీసి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి ఉంటే సరిపోయేది. కడగలేదు. ఇసుకరేణువులు ఫోను అంచును గీరాయి. “ఈ పౌచే గీతలు పెట్టింది” అని ఇంట్లో అందరికీ చెప్పింది. నా జీవితంలో నాకు బాగా తగిలిన దెబ్బ అదే.

ఎండాకాలం స్కూటీ హోల్డర్‌లో పెట్టి తిప్పింది. రాత్రి ఛార్జింగ్ పెట్టి దిండు కింద తోసేది. ఫోను వేడంతా బయటకు పోయే దారి లేక మా ఇద్దరి మధ్యే ఉడికేది. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ వేడీ గాలీ కలిసి నాలోని అణువుల్ని మార్చేశాయి, పసుపెక్కాను. మాలో చవకరకానికి ఇది తప్పదు. అది మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. “ఛీ, ఎంత గలీజుగున్నదో” అని వాళ్లమ్మ అన్నప్పుడు నాకు నోరుంటే చెప్పేదాన్ని.

నిన్న కోఠీ నుంచి మెరుపుల పౌచ్ ఒకటి వచ్చింది. నన్ను తీసి ఇక్కడ పడేశారు. ప్లాస్టిక్ గుర్తుల్లో నాది 7వ నంబరు, ఇతర రకాల కింద లెక్క. పాతసామాను బండి సీసాలను తీసుకుంటుంది, నన్ను తీసుకోదు. నా దారి జవహర్‌నగర్ చెత్తగుట్టలవైపే.

మీరు కొత్తది కొనేటప్పుడు దుకాణంలోనే తొడిగించి, ఫోనును బల్ల మీద ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా పెట్టండి. తెరకూ బల్లకూ మధ్య ఒక కాగితం దూరాలి, కెమెరా గాజు బల్లకు తగలకూడదు. తగిలితే ఎంత అందంగా ఉన్నా వెనక్కి ఇచ్చేయండి.