శిగమూగితే మూఢత్వం, తల ఊపితే థెరపీ

కొత్త వైద్యం ఒకటి వచ్చింది. మందు లేదు, పథ్యం లేదు. నల్ల టీషర్టు తొడుక్కుని, వేలకు వేలు పోసి టికెట్ కొని, గూబలు అదిరే మోతలో రెండు మూడు గంటలు నిలబడి తల ఊపితే చాలు. హెవీ మెటల్ కచేరీ అంటారు. మేనేజరు మీది కోపం, ఇంటి లోను దిగులు, తెగిపోయిన ప్రేమ, అన్నీ గిటారు మోతలో కొట్టుకుపోతాయట. ‘ఎమోషనల్ రిలీజ్’ అని దానికో పేరు. సోమవారం పొద్దున మేనేజరూ ఉంటాడు, కిస్తీ మెసేజూ వస్తుంది. వైద్యానికి ఆ బాధ్యత లేదు.

ఊగనివ్వండి, ఊగడంతో నాకు పేచీ లేదు. బెంగళూరులో ఊగొచ్చిన ఆ పిల్లగాడే సెలవుకు కరీంనగర్ వస్తాడు. ఎల్లమ్మ బోనాల కాడ జుట్టు విరబోసుకుని శిగమూగుతున్న అవ్వను ఫోనులో వీడియో తీస్తూ, ‘ఇంకా ఈ మూఢనమ్మకాలేంది మామా?’ అంటాడు. పేచీ అక్కడ. అవ్వ తల డోలు దెబ్బకు ఊగింది, వీడి తల డ్రమ్ము దెబ్బకు ఊగింది. అవ్వ మొహాన పసుపు, వీడు మొక్కే గాయకుడి మొహాన తెల్లరంగు, నల్లకాటుక. అవ్వ పలికింది సగం మందికే అర్థమైంది, గాయకుడి అరుపులు అచ్చేసి ఇస్తే తప్ప ఎవరికీ కాలేదు. ఇన్ని కలిసినా ఒకరిది అజ్ఞానం, ఇంకొకరిది ఆత్మశోధన. అవ్వ చేసిన నేరం ఒక్కటే, టికెట్ పెట్టలేదు.

మనవాళ్లకు వ్యాపారం తెలియదు మరి. వేములవాడ దగ్గరి హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ మొదలుపెడితే డోలు, తాళాల నడుమ జనం ఏడ్చేవాళ్లు, అంతలోనే పడిపడి నవ్వేవాళ్లు. ఏ ఒక్కరినీ ‘నీ ట్రామా ఏ స్థాయిలో ఉంది?’ అని ఆయన అడిగి ఉండడు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి ముందు దండారి మొదలవుతుంది. గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకుని, తలకు నెమలి ఈకల టోపీ పెట్టుకుని, గుమేల, పర్ర, తుడుం మోతకు ఊరూరా ఆడతారు. దీక్ష విడిచేదాకా స్నానం చేయరు. అది మనకు వెనుకబాటుతనం. జర్మనీలో వాకెన్ అనే పల్లెటూళ్లో ఏటా జరిగే మెటల్ జాతరలో బురదలో పొర్లి, ఒళ్లు కడగకుండా రోజులు గడిపితే అది మాత్రం జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన అనుభవం. 2021లో మార్లవాయి గుస్సాడీ నర్తకుడు కనకరాజుకు పద్మశ్రీ ప్రకటించేదాకా మనలో చాలామందికి గుస్సాడీ అంటే మంత్రిగారు కారు దిగేటప్పుడు కనిపించే స్వాగత తోరణం.

‘సైన్సు చెప్పింది కదా’ అంటారు. చెప్పింది. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి సంగీతం వినే 39 మందిని కూర్చోబెట్టి, కోపం తెప్పించి, కొందరికి వాళ్లకు నచ్చిన పాటలు పది నిమిషాలు వినిపించారు. కోపం పెరగలేదు, తగ్గింది. ఈ ముక్క దాకా చదివి పోస్టర్ వేసేస్తారు. మిగతావాళ్లను ఆ పది నిమిషాలూ ఏ పాటా లేకుండా ఊరికే కూర్చోబెట్టారు. వాళ్లకూ తగ్గింది! అరుగు మీద గమ్మున కూర్చోవడానికి ఇంకా స్పాన్సర్ ఎవరూ దొరకలేదు కాబట్టి ఆ సగం బయటికి రాలేదు.

గుర్గావ్ సంగతి ఇంకా బాగుంటుంది. 2011 అక్టోబరు 28న అక్కడ మెటాలికా అనే మెటల్ బ్యాండు ఆడాలి. ఆట ఆగిపోయిందని తెలియగానే, కోపం దింపుకోవడానికి వచ్చిన జనం వేదికను విరగ్గొట్టారు. పాట ఒక్కటీ మొదలుకాకుండానే రిలీజ్ సంపూర్ణం.

ఈ గోలలో ఆ సంగీతానికే అన్యాయం జరుగుతోంది. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీ మిషన్లో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి ఆ వేళ్లకు తొడుగులు చేసుకుని గిటారు వాయించాడు. 1970లో అతని బ్యాండు బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బంలో వినపడే బరువు ఆ చేతులదే. గోదావరిఖనిలో బొగ్గు బావి షిఫ్టు దిగిన మనిషికి దీన్ని విడమర్చనక్కర్లేదు. ఆయన కూడా డప్పు దగ్గర రెండడుగులు వేసి ఇంటికి పోయాడు. థెరపీకి పోయొచ్చానని భార్యతో చెప్పలేదు.

సరే, కాలంతో నడుద్దాం. ఓదెల మల్లన్న పట్నాలకు ఈసారి నేనొక పథకం వేశాను. డోలుకు ఆనుకుని నిలబడితే ప్లాటినం, చెట్టు కింద గోల్డ్, గోడ ఎక్కితే స్టూడెంట్ రాయితీ. బండారికి జీఎస్టీ అదనం. శిగం రాకపోతే డబ్బు వాపసు లేదని కింద చిన్న అక్షరాల్లో వేయిస్తాను. మన పిల్లగాడు నెల ముందే బుక్ చేసుకుంటాడు, అనుమానమే లేదు. గేటు కాడ బౌన్సర్లతోనే కాస్త చిక్కు. డోలు భుజాన వేసుకుని వచ్చే ఒగ్గు పూజారిని, చేతికి బ్యాండ్ లేదని వాళ్లు లోపలికి రానివ్వరు.