గెలవాక్య వ్యాఖ్యానము

మూలము: “గెల కోసినాక నిలవ పెట్టకు, తోలెయ్.”

అవతారిక: 1995లో జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రము వెలసినదియు, ఏలూరికి చేరువనున్నదియు నగు పెదవేగి ప్రాంతపు తోటలలో, రైతు ట్రాక్టరు తోలువానితో పలుకు నీ వాక్యము ఛందోరహితమయ్యును శాస్త్రగర్భితము గావున వ్యాఖ్యానార్హము.

టీక: గెల = ఆయిల్‌పామ్ పండ్ల గుత్తి; కోసినాక = కత్తి తగిలిన క్షణము మొదలు; నిలవ పెట్టకు = గట్టున రాశి పోసి యుంచకుము; తోలెయ్ = 24 గంటలలో మిల్లునకు చేర్చుము. ఆ గంటలు మూలమున లేవే యందురేని, అవి అధ్యాహార్యములు, ట్రాక్టరువా డెఱుగును.

తాత్పర్యము: నూనె యనునది గ్లిసరాలు నందలి మూడు చోట్లను మూడు కొవ్వు ఆమ్లము లంటియున్న ట్రైగ్లిజరైడు, పండు చెక్కు చెదరక యున్నంతవఱకు దాని కండలోనే వేఱుగా నణగియుండు లైపేజను నెంజైము, గెల నేలబడి పండు కమిలినంతనే నూనెను దాకి, నీటి సాయమున నా బంధములను త్రెంచి ఆమ్లములను విడిపించును. అట్లు విడివడినవానినే మిల్లువారు ఎఫ్.ఎఫ్.ఏ. యని కొలిచి మొగము చిట్లింతురు. మిల్లున మొట్టమొదట గెలలకు ఆవిరి పట్టుట లైపేజు నోరు కట్టుటకు. పండ్లు సులువుగా రాలుటయు నందలి లాభమే.

విశేషము: కొవ్వులలోని యీ కూర్పును 1823లో గ్రంథస్థము చేసిన ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ 102 ఏండ్లు జీవించెను, వ్యాఖ్యాతల కట్టి యాయువు దొరకదు. ఇక పామాయిలు ఆమ్లములలో నూటికి సుమారు 44 పాళ్లు పామిటికము: 16 కర్బన పరమాణువులు, ద్విబంధ మొక్కటియు లేదు, గొలుసు నిటారు. 40 పాళ్లు ఓలియికము: 18 కర్బనములు, నడుమ నొక ద్విబంధము, అచ్చట వంపు. నిటారువి తాటికమ్మల మోపువలె నొదిగి పేరుకొనును, వంపువి యొదుగవు. కావుననే పుష్యమాసపు చలిలో తాడేపల్లిగూడెపు కిరాణాకొట్టు డబ్బాలో తెల్లని మడ్డి యడుగున దిగగా, కల్తీ యని కొట్టువానితో తగవులాడు నిల్లాలు నిజమునకు పామిటికామ్లముతో తగవులాడుచున్నది.

కొల్లేటి చేపనూనె అట్లు పేరుకొనదేమి యని శంక. శీలావతి, బొచ్చెల కొవ్వునందు ఐదాఱు ద్విబంధములుగల ఆమ్లములును గలవు. వంపులు మెండగుటచే పేరుకొనుట యల్పము. అయితే ఆ ద్విబంధముల చెంతనే ఆమ్లజని చొరబడి ముక్కిన వాసన పుట్టించును. ఐసు వేసినచో చొరదా యందురేని, చొరును. వేగము మాత్రము తగ్గును. కైకలూరులో లారీ కెత్తించువానికి కావలసిన దంతియే.